రోజంతటికీ సరిపడే పాటల వరుసను ఎలా కట్టుకోవాలి?

నాగోలు ప్రయాణికురాలు:

సభ్యులకు నమస్కారం. నేను నాగోలు నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో ఉద్యోగానికి వెళ్లివస్తుంటాను. ఒక్కొక్క వైపు సుమారు గంట పడుతుంది. ఆ రెండు గంటలతో పాటు పొద్దున వంటింట్లో గడిచే సమయానికీ, ఆఫీసులో నివేదికలు రాసుకునే సమయానికీ, సాయంత్రం కాలనీ పార్కులో నడకకూ, రాత్రి పడుకోబోయే ముందు కొద్దిసేపటికీ నావంటూ కొన్ని పాటలు ఏర్పరచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. సినిమాలో పాత్ర నడిచివస్తుంటే వెనుక వాద్యాలు మోగినట్లు మన రోజుకూ ఒక నేపథ్య సంగీతం ఉండాలనుకోవడం చిన్నపిల్లల సరదాగా కొందరికి తోచవచ్చు గానీ, నాకు మాత్రం ఆ సరదా ఇంకా తీరలేదు.

ప్రస్తుతం నచ్చిన పాటలన్నీ ఫోనులో ఒకే జాబితాలో కుప్పగా పడి ఉన్నాయి. వరుసను ఫోనుకే వదిలేస్తే తార్నాకలో ఒక శోకగీతం వినిపిస్తుంది, అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కే సమయానికి లాలిపాట మొదలవుతుంది. అందుకని నేనే కూర్చుని ఒక ముసాయిదా వేసుకున్నాను. నిద్ర లేవడానికి అలారంగా ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’, ఆఫీసు పనికి చిట్టిబాబు గారి వీణ, సాయంత్రం నడకకు ‘లాహిరి లాహిరి లాహిరిలో’, నిద్రకు ముందు ‘పాడుతా తీయగా చల్లగా’ అనుకున్నాను. వంటింటికీ మెట్రోకూ ఏమి పెట్టుకోవాలో ఇంకా తేలలేదు. ఈ ఎంపికలో తప్పొప్పులు చెప్పగలరా? పాటల పేర్లు కాకుండా, ఎంచుకునే పద్ధతి చెప్పినా సంతోషమే.

రీరికార్డింగ్ గది:

నేను సినిమాల శబ్దవిభాగంలో పని చేస్తాను కాబట్టి మీ పోలికనే పట్టుకుని జవాబు చెబుతాను. మా దగ్గర నేపథ్య సంగీతం పని దాదాపు చివర వస్తుంది. చిత్రీకరణ, కూర్పు (ఎడిటింగ్) పూర్తయిన తరువాత సంగీత దర్శకుడు ఆ దృశ్యాలను చూస్తూ వాద్యం ఎక్కడ ప్రవేశించాలో, ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకుంటాడు. అనుభవం ఉన్నవారు అలా చూసేటప్పుడు మొట్టమొదట తేల్చేది సంగీతం ఎక్కడ అక్కరలేదన్న సంగతి. ఒక తల్లి కొడుకుతో చెప్పకూడని నిజం చెబుతున్న చోట వెనుక వయొలిన్లు మోగితే ఆ మాటకు ఉన్న బరువు పోతుంది. మీ ముసాయిదాలో ప్రతి వేళకూ ఏదో ఒక పాట ఉండాలనే ఉంది, కావాలని వదిలిన ఖాళీ మాత్రం ఎక్కడా కనిపించలేదు. ముందు ఆ ఖాళీలను గుర్తించండి. పాటల సంగతి ఆ తరువాత చూడవచ్చు.

నా ఉద్దేశంలో వంటిల్లు అటువంటి చోటు. అక్కడ కుక్కరు విజిల్ లెక్కపెట్టుకోవాలి, పోపులో ఆవాలు చిటపటలాడడం ఆగిన క్షణం చెవికి తెలియాలి, గుమ్మంలో పాలవాడు పిలిస్తే వినబడాలి. అంతగా కావాలనుకుంటే గట్టు మీద ఒక చిన్న స్పీకరు పెట్టుకోండి గానీ, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడవద్దు. రోడ్డు దాటే చోటా, మెట్రో మెట్లు దిగే చోటా కూడా ఇదే మాట.

ఇక మెట్రో విషయంలో పాటకన్నా ముందు ఆలోచించవలసింది శబ్దతీవ్రత గురించి. బండి రొదనూ, స్టేషన్ల ప్రకటనలనూ మించి వినాలని మనకు తెలియకుండానే శబ్దాన్ని పెంచుకుంటూ పోతాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి ప్రకారం 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల దాకా వినవచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలు మాత్రమే. మీ ప్రయాణం రోజుకు రెండు గంటలు కాబట్టి, ఆ స్థాయిలో వింటే సోమ, మంగళవారాలకే వారం కోటా అయిపోతుంది. చెవిలో బిగువుగా అమరి బయటి రొదను ఆపే ఇయర్‌ఫోన్లు ఉంటే తక్కువ శబ్దంతోనే సరిపెట్టుకోవచ్చు. సన్నని గొంతుతో నెమ్మదిగా సాగే పాటలు రైలు రొదలో సగం మునిగిపోతాయి. వాటిని వినాలనే పట్టుదలతోనే శబ్దం పెంచుతాము. గొంతు స్పష్టంగా పైకి వినిపించే పాటలను, వాద్యగోష్ఠి పలుచగా ఉన్న పాత పాటలను ప్రయాణానికి కేటాయించుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు.

వీణ పంతులమ్మ:

చిట్టిబాబు గారి వీణను ఆఫీసు పనికి పెట్టుకున్నారని చదివి సంతోషించాను, అయితే ఒక చిక్కు ఉంది. సాహిత్యం ఉన్న పాట మన చదువుకూ రాతకూ అడ్డు వస్తుందనీ, మాతృభాషలోని పాటైతే మరీ అడ్డు వస్తుందనీ అందరికీ అనుభవంలో ఉన్న విషయమే. అందుకే మీరు వాద్యాన్ని ఎంచుకున్నారని అనుకుంటున్నాను. కానీ మన వీణ విద్వాంసులు వాయించేది ఎక్కువగా త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి వంటివారి కృతులనే. పైగా గాయకుడు పాడినట్లే మాట మాటకూ మీటు వేసి పలికిస్తారు. ఆ కృతి మీకు తెలిసినదైతే వీణ పలుకుతుండగా మీ మనసు లోపల సాహిత్యాన్ని పాడుకుంటూ పోతుంది, నివేదికలో వాక్యం మధ్యలో ఆగిపోతుంది. నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు పరీక్షలకు చదువుకుంటూ వీణ వింటామని చెప్పినప్పుడు వారి పెదవులను గమనించాను. పుస్తకం మీద కళ్లున్నాయి గానీ పెదవులు చరణం పాడుతున్నాయి.

దీనికి మార్గం కృతులను వదిలి ఆలాపననూ తానాన్నీ ఎంచుకోవడం. ఆలాపనలో సాహిత్యమూ ఉండదు, తాళమూ ఉండదు. తానంలో తిరిగి తిరిగి వచ్చే తాళం చుట్టు లేకపోయినా ఒక నడక ఉంటుంది, అది చేసే పనికి ఊతమిస్తుంది. ఆ నడకను వీణ పలికించినంత నిండుగా మరే వాద్యమూ పలికించలేదని నా నమ్మకం. వీణ నేర్పేదాన్ని కాబట్టి ఈ పక్షపాతాన్ని మీరు మన్నించాలి. చిట్టిబాబు గారిని వినే ముందు ఒకసారి వారి గురువు ఈమని శంకరశాస్త్రి గారి రాగాలాపనలు కూడా విని చూడండి. అదీ కుదరకపోతే మీకు బొత్తిగా తెలియని కృతులను ఏరుకోవడం మరో ఉపాయం. తెలియని సాహిత్యాన్ని మనసు పాడలేదు కదా.

నడక విషయంలో ‘లాహిరి’ సరిపోదని నా అభిప్రాయం. 1957లో వచ్చిన మాయాబజార్‌లో అది వెన్నెల్లో పడవ మీద సాగే పాట. మోహన రాగంలో తెడ్డు వేసినంత నింపాదిగా ఊగుతుంది. ఆ లయను పట్టుకుంటే మీ నడక కాస్తా విహారమవుతుంది. అదే మీకు కావలసినదైతే అభ్యంతరం లేదు, చెమట పట్టే నడక కావాలంటే వేరే పాట చూసుకోవాలి. చురుకుగా నడిచేవారు నిమిషానికి సుమారు 100 నుంచి 120 అడుగులు వేస్తారు. పాటకు చేత్తో తాళం వేసి చూసి, నిమిషానికి దాదాపు అన్నే దెబ్బలు పడితే ఆ పాట మీ కాళ్లకు సరిపోయినట్లే. అయితే వేగమొక్కటే చాలదు, గతి కూడా ముఖ్యమే. చతురస్ర గతిలో, అంటే నాలుగు నాలుగుగా సాగే పాటలో తాళం ఎత్తుగడ, అంటే మొదటి దెబ్బ, ఎప్పుడూ ఒకే కాలు మీద పడుతుంది. మిశ్రచాపు ఏడు మాత్రల తాళం కాబట్టి మాత్రకొక అడుగు వేస్తే ఎత్తుగడ ఒకసారి కుడికాలి మీదా, మరుసటిసారి ఎడమకాలి మీదా పడుతూ పోతుంది. కూర్చుని వింటే ఎంత సొగసైన తాళమో, నడిచేవారిని అంత తికమక పెడుతుంది.

రాగాలకు వేళల పట్టింపు గురించి కూడా ఎవరైనా అడుగుతారని ముందుగానే చెబుతున్నాను. భూపాలం, బౌళి, మలయమారుతం వంటివి తెల్లవారుజాము రాగాలనీ, నీలాంబరి నిద్రపుచ్చే రాగమనీ మన సంప్రదాయంలో వాడుక ఉంది. హిందుస్తానీలో ఉన్నంత గట్టి నియమం మన కచేరీల్లో లేదు. ఉదయ రాగమని పేరుపడిన బిలహరిని సాయంత్రం కచేరీలో నిస్సంకోచంగా పాడతారు. కాబట్టి దీన్ని కట్టుబాటుగా తీసుకోనవసరం లేదు. కచేరీ పద్ధతి నుంచి ఒక్క సంగతి మాత్రం తీసుకోవచ్చు. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగారు స్థిరపరచిన క్రమంలో కచేరీ వర్ణం అనే చురుకైన రచనతో మొదలవుతుంది, గొంతూ శ్రోతా ఇద్దరూ కుదురుకున్న తరువాతే బరువైన ప్రధాన కృతి వస్తుంది, చివరకు పదాలూ జావళులూ తిల్లానాల వంటి తేలిక రచనలు మిగులుతాయి. మీకు బాగా ఇష్టమైన, మనసు పెట్టి వినవలసిన పాటను పొద్దున్నే హడావిడిలో ఖర్చు చేయకండి. పోయేటప్పుడు కాదు, తిరిగివచ్చేటప్పుడు కూర్చోవడానికి చోటు దొరికిన రోజున దాన్ని వినండి.

కృష్ణలంక:

అలారం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు పట్టుదల చిత్రానికి రాసిన పాట. దానిని అలారంగా పెట్టుకున్నవారు ఓటమిని ఒప్పుకోవద్దని పాట హెచ్చరిస్తుండగానే ఫోను నొక్కి మళ్లీ ముసుగు తన్నుతారు. నెల తిరిగేసరికి ఆ మాటలు చెవికి నిద్రను చెడగొట్టే మోతగానే మిగులుతాయి, నిజంగా మనసు కుంగిన రోజున విందామంటే అందులో ఊరట దొరకదు. మనకు అవసరానికి అక్కరకు వచ్చే పాటను అలారానికి బలిపెట్టకూడదు. ఆ పనికి ఫోనులో వచ్చే గంట చాలు.

అయితే రోజూ వింటే పాట అరిగిపోతుందన్న మాటను పూర్తిగా ఒప్పుకోలేను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. ఆ నాటి నుంచి మా ఇంట్లోనూ, వీధిలోని గుడి మైకులోనూ అది మోగని తెల్లవారుజాము లేదు. ఎవరికైనా విసుగు పుట్టిందా? లేదు. కారణం ఏమిటంటే మేము దానిని పాటలాగా విననే లేదు. గడియారం లాగా వాడుకున్నాము. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అని అందులో నాలుగు భాగాలున్నాయి. స్తోత్రం మొదలయ్యేసరికి మా అమ్మ పాలు పొంగించి దించేది. ప్రపత్తికి నేను పుస్తకాలు సర్దుకోవాలి. మంగళం వినబడుతున్నా ఇంకా స్నానం చేయలేదంటే ఆ రోజు తిట్లు తప్పవు. వంటింటికి ఏమి పెట్టుకోవాలని మీరు అడిగారు కదా, అక్కడ ఖాళీ ఉంచమని రీరికార్డింగ్ గారన్నారు. నా సలహా ఏమిటంటే, నిడివి తెలిసిన ఒకే ఒక దీర్ఘమైన రచనను అక్కడ రోజూ మార్చకుండా పెట్టండి. సుప్రభాతమే కానక్కరలేదు. మనసు పెట్టి వినకపోయినా, సమయం ఎంతయిందో అది మీకు చెబుతుంది.

మరొక మాట చెబితే మీ ప్రయత్నానికే అడ్డు తగిలినట్లవుతుందేమో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివారు అక్కడ తీర్చిదిద్దిన భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని వింటూ, ఆ తరువాత వచ్చే లలితగీతాలు వింటూ పెరిగిన తరం మాది. ఆ పాటల్లో ఒక్కటీ మేము ఎంచుకున్నది కాదు. అనుకోకుండా చెవిన పడిన పాటే ఈ రోజుకీ ఒక వీధినీ, ఒక వేసవినీ, కాలేజీ నుంచి సైకిలు మీద వస్తున్న మధ్యాహ్నాన్నీ తీసుకువస్తుంది. మీ రోజు మొత్తాన్ని మీరు కోరుకున్న పాటలతోనే కప్పేస్తే, అలా ఎదురుపడే పాటకు చోటెక్కడ? మెట్రోలో ఒక వైపు ప్రయాణానికైనా రేడియోకు వదిలిపెట్టి చూడండి.

నాగోలు ప్రయాణికురాలు:

ఇంత వివరంగా జవాబులు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. వీణ విషయంలో పంతులమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. తెలిసిన కృతి వస్తే నా చేతులు కీబోర్డు మీద ఆగిపోతున్నాయి. తానాలు వెతుక్కుంటాను. కృష్ణలంక గారూ, రేడియో సలహా బాగానే ఉంది గానీ ఇక్కడి ఎఫ్ఎంలలో పాటకన్నా మాటలూ ప్రకటనలే ఎక్కువ. అయినా ప్రయత్నిస్తాను. రాత్రి పాట గురించి ఎవరూ చెప్పలేదు. దానికి అభ్యంతరం ఏమీ లేదని అనుకోవచ్చా? అలాగే ఇంటి పనికి, అంటే అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం వంటివాటికి ఏది పనికివస్తుందో చెప్పగలరు.

జగిత్యాల–షార్జా:

అక్కా, రాత్రి పాటకు నా అభ్యంతరం ఉంది. పల్లవి ఒక్కటే చూసి పాటను ఎంచుకోవద్దు. 1964లో వచ్చిన మూగమనసులు చిత్రంలో ఆత్రేయ గారు రాసిన ఆ పాట నిద్రపుచ్చే మాటతోనే మొదలవుతుంది, ఘంటసాల గారి గొంతు కూడా జోకొడుతున్నట్లే ఉంటుంది. చరణాల్లోకి వెళ్లేకొద్దీ అది పేదవాడికి చివరకు మిగిలే కలల గురించీ, ఆ కలలను కూడా దోచుకునే పెద్దల గురించీ అడుగుతుంది. ఎనిమిది మందిమి ఉండే గదిలో దీపం తీసేశాక ఒకరి ఫోనులో ఆ పాట వస్తే, పల్లవికి కళ్లు మూసుకున్నవాళ్లు చరణానికి పైకప్పు చూస్తూ పడుకోవడం నాకు తెలుసు. గొప్ప పాట కాబట్టే నిద్రకు పనికిరాదు. నిద్రకు కావాలంటే అన్నమయ్య ‘జో అచ్యుతానంద’ వంటి అసలైన జోలపాట వినండి, అందులో చివరిదాకా ఊయల ఊగుతూనే ఉంటుంది.

పాటను దాని వేళకు మాత్రమే వినాలన్నది ఇక్కడికి, షార్జాకు, వచ్చాక తెలిసింది. మా కంపెనీ బస్సు తెల్లారకముందే బయలుదేరుతుంది. గోరటి వెంకన్న గారు రాసి, 2002లో కుబుసం చిత్రంలో వచ్చిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటను బస్సులో ఎవరైనా పెడితే నేను ఆపమంటాను. కుమ్మరి, కమ్మరి, సాలెల బతుకులు ఎట్లా చితికిపోయాయో ఆ పాట ఒక్కొక్కటిగా చెబుతూ పోతుంది. అది విన్నాక పరంజా ఎక్కి పనిచేయాలంటే చేతకాదు. ఆ పాటను సెలవు రోజున, ఇంటికి ఫోను చేసి మాట్లాడిన తరువాత వింటాను. పొద్దున బస్సులో డప్పు దరువు మీద నడిచే పాటలే వింటాము, వాటి అర్థం పట్టించుకోము.

ఇంటి పని గురించి అడిగారు. మా అమ్మ నాట్లకు పోయినప్పుడు చూసినదే చెబుతాను. ఒక పెద్దామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అదే పాదాన్ని అందుకుంటారు. ఆమె తరువాతి పాదం ఎత్తుకునేలోపు చేతిలోని నారు మళ్లో పడాలి. నడుము నొప్పి మరిచిపోవడానికీ, అందరి చేతులూ ఒకే వేగంతో కదలడానికీ ఆ పాట కట్టారు. వడ్లు దంచేటప్పుడు పాడే ‘సువ్వి’ పాటలో కూడా రోకలి పడే చోటనే ఆ మాట పడుతుంది. అందుకే అంట్లు తోమేటప్పుడు చెవిలో ఏమీ పెట్టుకోకుండా మీరే పాడుకోండి అక్కా. ‘ఉయ్యాలో’ అని ప్రతి పాదం చివర వచ్చే బతుకమ్మ పాట ఒక్కటి వచ్చినా చాలు. గొంతు బాగుండాలన్న నియమం ఏమీ లేదు, కుళాయి నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడదు.

రీరికార్డింగ్ గది:

కృష్ణలంక గారి సుప్రభాతం మాటకు నేను తలవంచుతున్నాను. మా భాషలో చెప్పాలంటే అది నేపథ్య సంగీతం కాదు, ఆ ఇంటి సహజ శబ్దాల్లో ఒకటైపోయింది. దానికి నా అభ్యంతరం వర్తించదు. జగిత్యాల సోదరుడు చెప్పిన దానికి ఒక చిన్న చేర్పు ఉంది. ఏ పాటనైనా వరుసలో చేర్చే ముందు చివరి చరణం దాకా ఒకసారి, ఇతర పని ఏమీ పెట్టుకోకుండా, వినండి. పాటలో మధ్యన హఠాత్తుగా పెరిగే వాద్యఘోష ఉందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. నిద్రకు ముందు పెట్టుకున్న పాటలో రెండో చరణానికి ముందు డ్రమ్ములు విరుచుకుపడితే అంతకుముందు పట్టిన కునుకు కూడా పోతుంది.

నాగోలు ప్రయాణికురాలు:

సరే, ముసాయిదాను ఇలా మార్చుకుంటున్నాను. అలారానికి ఫోనులోని గంట. వంటింట్లో స్పీకరు మీద సుప్రభాతం, ఎందుకంటే అది మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది. పోయేటప్పుడు మెట్రోలో రేడియో, విసుగు పుడితే పాత పాటలు. వచ్చేటప్పుడు మనసుకు నచ్చిన ఒకటి రెండు పాటలు మాత్రమే. ఆఫీసులో తానం. ‘ఓటమి’ పాటనూ, ‘పాడుతా తీయగా’నూ ఏ వేళకూ కేటాయించకుండా విడిగా ఉంచుతాను. ‘లాహిరి’ని మాత్రం వదులుకోలేకపోతున్నాను, ఆదివారం నడకను విహారంగానే ఉంచుకుంటాను. పండుగ రోజుల ఉదయానికి సాహిత్యం గుర్తుకు రాకుండా నాదస్వరం ఏదైనా సూచించగలరా?

వీణ పంతులమ్మ:

షేక్ చినమౌలానా గారి రాగాలాపనలు వినండి. ఒంగోలు దగ్గరి కరవది గ్రామంలో పుట్టి, తరువాత శ్రీరంగంలో స్థిరపడి, అక్కడి రంగనాథుడి సన్నిధిలో వాయించిన విద్వాంసుడు ఆయన. కృతులు కాకుండా ఆలాపనలే ఏరుకోండి. నాదస్వరం ఆరుబయట వినడానికి పుట్టిన వాద్యం, ఇయర్‌ఫోన్లలో గుచ్చుకుంటుంది. హాల్లో స్పీకరు పెట్టి, మీరు పక్క గదిలో ఉండి వినండి.